కుతుపలాంగ్ కొండల మీద పురుడు

ఫిబ్రవరి 21, 2024, బుధవారం. ఢాకా

విమానం దిగి రైల్వే స్టేషనుకు వెళ్ళే దారంతా నలుపూ తెలుపూ చీరలే. పిల్లల బుగ్గల మీద బెంగాలీ అక్షరాలు రాశారు. 1952లో ఇదే రోజున తమ భాష కోసం పోలీసు తుపాకులకు ఎదురు నిలిచి చనిపోయినవాళ్ళకు ఇవాళ పూలు పెడతారు. చెప్పులు విడిచి షహీద్ మినార్ దాకా నడుస్తారు. మనకూ ఆగస్టు 29న గిడుగు వారి పుట్టినరోజు ఉంది. ఆ రోజున రోడ్లు నిండడం నేనెప్పుడూ చూడలేదు.

ఊరంతా అమ్మ భాష గురించి పాడుకుంటున్న పూట, తమ భాషలో చదువుకునే బడే లేని రోహింగ్యా శరణార్థి ఆడవాళ్ళ దగ్గరకు బయలుదేరాను. రోహింగ్యా భాషకు హనీఫీ అనే లిపి 1980లలో తయారైంది. కానీ చదవగలిగిన స్త్రీలు చాలా తక్కువ. కాన్పు గదిలో ఇది ఎంత పెద్ద సంగతో నాకు హైదరాబాద్‌లోనే తెలిసివచ్చింది.

నేను నర్సును. తెలంగాణ ప్రభుత్వం 2017లో కరీంనగర్‌లో మిడ్‌వైఫరీ శిక్షణ, అంటే నర్సులకు కాన్పులు చేయడం నేర్పే శిక్షణ, మొదలుపెట్టింది. ఆ తర్వాతి జట్లలో ఒకదానిలో నేనూ చేరాను. నొప్పుల మనిషిని మంచానికి కట్టేసినట్టు పడుకోబెట్టకూడదనీ, అరవకూడదనీ, చెయ్యి పట్టుకుని కూర్చోవడం కూడా వైద్యమేననీ అక్కడే నేర్చుకున్నాను. అదే 2017 ఆగస్టు 25 తర్వాత కొన్ని నెలల్లోనే మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం నుంచి ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు సరిహద్దు దాటి బంగ్లాదేశ్ చేరారు. వాళ్ళలో దారిలోనే, చెట్ల కింద కన్నవాళ్ళూ ఉన్నారు. అంతకుముందే వచ్చి హైదరాబాద్ బాలాపూర్‌లో రేకుల కింద తలదాచుకున్న కుటుంబాలూ ఉన్నాయి. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు నేను పనిచేసే ఆసుపత్రికి వచ్చేవాళ్ళు. వాళ్ళ దగ్గరే నాలుగు రోహింగ్యా మాటలు పట్టుకున్నాను. నొప్పికి వాళ్ళు ‘బిష్’ అంటారు. అది మన విషమే.

ఒక స్వచ్ఛంద సంస్థ కాక్స్‌బజార్ దగ్గరి రోహింగ్యా శరణార్థి శిబిరాల్లోని మిడ్‌వైఫ్‌లకు శిక్షణ ఇచ్చేందుకు పిలిస్తే ఒప్పుకున్నాను. రాత్రికి కాక్స్‌బజార్ రైలు.

ఫిబ్రవరి 22. కాక్స్‌బజార్

ఢాకా నుంచి ఇక్కడికి నేరుగా రైలు నడవడం మొదలై మూడు నెలలు కూడా కాలేదు. పెట్టెలో ప్రయాణికులంతా పెళ్ళివారిలా ఉన్నారు. ఒకాయన ప్రతి స్టేషన్‌లోనూ దిగి ఫొటో తీసుకున్నాడు. తెల్లవారాక కనిపించిన కాక్స్‌బజార్ స్టేషన్‌ను ముత్యపు చిప్ప ఆకారంలో కట్టారు. ముత్యాల ఊరి నుంచి వచ్చినదాన్ని, కాసేపు నిలబడి చూశాను.

ఈ ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో నన్ను తీసుకువెళ్ళడానికి స్టేషన్‌కు వచ్చిన కుర్రాడు చెప్పాడు. పద్దెనిమిదో శతాబ్దం చివర బర్మా రాజు అరకాన్‌ను ఆక్రమించుకున్నాడు. అక్కడి నుంచి పారిపోయి వచ్చిన వేలాది మందికి ఇళ్ళూ భూములూ చూపించే పని ఈస్ట్ ఇండియా కంపెనీ కెప్టెన్ హైరం కాక్స్‌కు అప్పగించింది. 1799లో ఆయన ఆ పని మధ్యలోనే చనిపోయాడు. ఆయన పేరున ఒక సంత వెలిసింది, సంత పేరే ఊరి పేరైంది. అరకానే నేటి రఖైన్. అంటే ఈ ఊరి పేరులోనే అరకాన్ కాందిశీకులు ఉన్నారన్నమాట. సముద్రం ఒడ్డున సెల్ఫీలు తీసుకునేవాళ్ళకు ఆ సంగతి చెప్పే బోర్డు ఒక్కటీ నా కంట పడలేదు.

మధ్యాహ్నమంతా అనుమతి పత్రాల పని. శరణార్థుల వ్యవహారాలు చూసే కమిషనర్ కార్యాలయం పాస్ ఇస్తేనే శిబిరంలోకి వెళ్ళనిస్తారు. సాయంత్రం కాకముందే బయటికి వచ్చేయాలి. ‘రాత్రి కాన్పులు ఎలా?’ అని అడిగాను. ‘మిడ్‌వైఫ్‌లు ఉంటారు. రావలసినవాళ్ళు రావడమే కష్టం’ అన్నారు.

ఫిబ్రవరి 23

శుక్రవారం, సెలవు. నూట ఇరవై కిలోమీటర్ల ఇసుక తీరంలో ఓ రెండు కిలోమీటర్లు నడిచాను. ఎండుచేపల వాసన మన కాకినాడ వైపు గాలిలాగే ఉంది.

ఫిబ్రవరి 24. ఉఖియా, కుతుపలాంగ్

ముందు ఉఖియా, ఆ తర్వాత ముళ్ళకంచె. కంచె లోపల పదమూడు చదరపు కిలోమీటర్ల మేర కొండలూ లోయలూ, వాటి మీద వెదురు, టార్పాలిన్ గుడిసెలు, వాటిలో ఆరు లక్షలకు పైగా మనుషులు. అన్ని శిబిరాలూ కలిపితే ముప్పై మూడు, జనం పది లక్షల దాకా. 2017లో వంటచెరకు కోసం కొండలన్నీ బోడిగుండ్లయ్యాయట. గ్యాస్ సిలిండర్లు ఇవ్వడం మొదలుపెట్టాక మళ్ళీ మొక్కలు నాటారు. ఇప్పుడు గుడిసెల మధ్య పచ్చదనం ఉంది. ఒక చోట చెక్కతో కట్టిన ఎత్తైన మంచె కనిపించింది. పొలానికి కాపలా అనుకున్నాను. ఏనుగులకట. ఇవి వాటి పాత దారులు.

నాతో ఇద్దరు ఆరోగ్య వాలంటీర్లు నడిచారు. ఇద్దరూ రోహింగ్యా స్త్రీలే, నల్ల బురఖాలు, చేతిలో గొడుగులు. ఒకామె బుగ్గల మీద పసుపుపచ్చగా తనాకా పూత. బర్మా చెట్టు బెరడును రాతి మీద అరగదీసి తీసే గంధం అది. ఇళ్ళు వదిలివచ్చినా అది మాత్రం వదలలేదు. ఒక్కొక్కరికీ వందకు పైగా గుడిసెలు అప్పగించారు. ఏ గుడిసెలో చూలింత ఉందో, ఎన్నో నెలో, కాళ్ళ వాపులున్నాయో లేదో వాళ్ళ నోట్‌బుక్‌లో గీతలూ బొమ్మలుగా ఉంటుంది. చదువు రానివాళ్ళు రాసుకున్న ఆ లెక్క చూస్తే ముచ్చటేసింది. చుక్కపెట్టిన చంద్రుడు అంటే రక్తహీనత.

శిబిరాల్లో ఏడాదికి ముప్పై వేల మంది దాకా పిల్లలు పుడతారు. రోజుకు ఎనభై. 2018లో అయిదు కాన్పుల్లో ఒకటి మాత్రమే ఆరోగ్య కేంద్రంలో జరిగేది, మిగతావన్నీ గుడిసెల్లోనే. ఇప్పుడు సగానికి మించి కేంద్రాల్లోనే జరుగుతున్నాయి. ఈ ఆరేళ్ళలో మారింది ఏమిటని వాలంటీర్లను అడిగాను. కొత్త మందులో కొత్త మంచాలో చెబుతారనుకున్నాను. తనాకా పూసుకున్నామె ఉర్దూలో ‘రిజిస్టర్ భయం కొంచెం పోయింది’ అంది.

అర్థం కావడానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి. మయన్మార్ 1982 పౌరసత్వ చట్టం తర్వాత వీళ్ళు ఏ దేశానికీ చెందనివాళ్ళయ్యారు. పక్క ఊరికి వెళ్ళాలన్నా అనుమతి కావాలి, ఆసుపత్రికి వెళ్ళాలన్నా కావాలి, పెళ్ళికీ కావాలి. మాంగ్డా, బుథీడాంగ్ ప్రాంతాల్లో 2005 నుంచి ఇద్దరు పిల్లలకు మించి కనకూడదని ఆంక్ష. అధికారులు ఇంటింటికీ వచ్చి జాబితాలో తలలు లెక్కపెట్టేవాళ్ళు. మూడో బిడ్డ పేరు ఆ జాబితాలో ఎక్కదు. మరి అటువంటి ఊరి నుంచి వచ్చిన మనిషిని, చేతిలో పెన్ను పట్టుకున్న నర్సు మొదటి మాటగా ‘ఇది ఎన్నో కాన్పు?’ అని అడిగితే ఆమె ఏం చెబుతుంది? అబద్ధం చెబుతుంది. అయిదోదాన్ని రెండోది అంటుంది. అయిదో కాన్పులో రక్తస్రావం ప్రమాదం ఎక్కువని మనకు తెలుసు. ఆ జాగ్రత్త మనం తీసుకోం. ఆమె అబద్ధానికి వెల ఆమే కడుతుంది.

దీనికి ఇక్కడి కేంద్రంలో ఒకరు కనిపెట్టిన ఉపాయం నాకు నచ్చింది. మొదటి చూపులో పుస్తకం తెరవరు. నీళ్ళిస్తారు, కూర్చోబెడతారు, పొట్ట మీద చెయ్యి వేసి బిడ్డ గుండె చప్పుడు వినిపిస్తారు. ఆ చప్పుడు విన్నాక అడుగుతారు. అప్పుడు నిజం చెబుతారట.

భాష గురించి ఇంకో మాట. ఇక్కడి స్థానికుల చిట్టగాంగ్ యాస రోహింగ్యాకు దగ్గర. అందుకని ఆ యాస వచ్చినవాళ్ళకు అన్నీ అర్థమవుతాయని మొదట్లో అందరూ అనుకున్నారు. నీళ్ళ విరేచనాలను రోహింగ్యాలు ‘గా లామనీ’ అంటారు, ఒళ్ళు దిగజారడమని. అది విన్నవాళ్ళు నీరసం అనుకుని పంపేస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఇక రంగ్‌పూర్ నుంచి వచ్చిన మిడ్‌వైఫ్‌కు చిట్టగాంగ్ యాస కూడా అంతంతే. ఆమె కంటే నా హైదరాబాదీ ఉర్దూనే కొన్ని చోట్ల ముందుకు సాగింది. మదరసా చదువూ హిందీ సినిమాలూ పుణ్యం కట్టుకున్నాయి.

ఫిబ్రవరి 25. శిక్షణ

కొండ మీద ఆరోగ్య కేంద్రం. వెదురు గోడలు, సిమెంటు నేల, నాలుగు కాన్పు మంచాలు, వాటి మధ్య పూల తెరలు. పదకొండు మంది మిడ్‌వైఫ్‌లు, అందరూ ముప్పై ఏళ్ళ లోపు పిల్లలు. బంగ్లాదేశ్ 2010లో ఐక్యరాజ్యసమితి వేదిక మీద మూడు వేల మంది మిడ్‌వైఫ్‌లను తయారుచేస్తానని మాట ఇచ్చింది. ఆ తర్వాత మూడేళ్ళ డిప్లొమా మొదలైంది. ఆ చదువు పూర్తిచేసిన తొలి జట్లు బయటికి వచ్చిన కొద్ది కాలానికే ఈ జనం సరిహద్దు దాటి వచ్చారు. డిప్లొమా కాగితం మడత విప్పకముందే వందల కాన్పులు చేసిన అమ్మాయిలు వీళ్ళు. నాకు నేర్పడానికి ఏమీ లేదేమో అనిపించింది, మాట వరసకు కాదు.

నేను తెచ్చింది ఒక ప్లాస్టిక్ సంచి. కాన్పయిన వెంటనే తల్లి నడుము కింద పరిచే షీటు, దాని చివర సంచి, సంచి మీద మిల్లీలీటర్ల గీతలు. ఇంతే. రక్తం ఎంత పోయిందో కంటితో అంచనా వేస్తే మనం ఎప్పుడూ తక్కువే అనుకుంటాం. గుడ్డలు పీల్చుకున్నది లెక్కలోకి రాదు. ఈ సంచిలో మూడు వందల గీత దాటితే కళ్ళు తెరవాలి, అయిదు వందలు దాటితే ఆలోచించడానికి సమయం లేదు. పొట్ట మీద మర్దన, ఆక్సిటోసిన్, ట్రానెక్సామిక్ ఆమ్లం, సెలైన్, ఎక్కడ చిరిగిందో చూడడం, ఇవి ఒకదాని తర్వాత ఒకటిగా కాకుండా ఒక్కసారే మొదలుపెట్టాలి. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో రెండు లక్షల మందికి పైగా తల్లులతో చేసిన పరిశీలన ఫలితాలు 2023లో వచ్చాయి. ఈ పద్ధతి పాటించిన చోట్ల తీవ్ర రక్తస్రావం, దాని వల్ల కలిగే ముప్పులు అరవై శాతం తగ్గాయి. వెల తక్కువ సంచికి అది చిన్న ఫలితం కాదు.

ఎర్ర రంగు కలిపిన నీళ్ళతో ఆట మొదలైంది. ఒకమ్మాయి తల్లిగా పడుకుంది, ఇంకో అమ్మాయి అత్తగారిగా గోల చేసింది. ఆ అత్తగారి నటనకు కన్నీళ్ళొచ్చేంత నవ్వారు. తర్వాత నవ్వులు ఆగాయి. ఆక్సిటోసిన్ చల్లగా ఉండాలి, రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య. ‘కరెంటు పోయిన రాత్రి ఫ్రిజ్‌లో చల్లదనం ఎంతసేపు ఉంటుందో నాకు తెలుసు దిదీ’ అంది రంగ్‌పూర్ అమ్మాయి, గంటల లెక్క చేతివేళ్ళ మీద చూపిస్తూ.

భోజనాల దగ్గర ఒకామె 2018 వేసవి గురించి చెప్పింది. అప్పటికామె చేరి నాలుగు నెలలే. రఖైన్‌లో సైనికుల అత్యాచారాలకు గురైనవాళ్ళు ఆ నెలల్లో కన్నారు. కొందరు ముందుగానే వచ్చారు. బంగ్లాదేశ్‌లో నెలసరి నియంత్రణ అనే పేరుతో పది, పన్నెండు వారాల లోపు గర్భం తీసే సేవ 1979 నుంచీ ఉంది. అది ఎంతోమందిని ఆదుకుంది. ఆలస్యమైనవాళ్ళలో చీకటి పడ్డాక వచ్చి, కని, చెప్పకుండా వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. ‘మేం ఏమీ అడగలేదు. అడగకపోవడమే మాకు నేర్పారు’ అంది. ఆమె ప్లేటులో అన్నం అలాగే ఉండిపోయింది.

ఇవాళ షబ్-ఎ-బరాత్. సాయంత్రం మేం బయలుదేరేముందు గుడిసెల్లోంచి బియ్యపు రొట్టెలు, హల్వా వచ్చాయి. రేషన్ డబ్బు 2023లో మనిషికి నెలకు పన్నెండు డాలర్ల నుంచి ఎనిమిదికి పడిపోయి, ఈ జనవరిలోనే పదికి పెరిగింది. ఆ లెక్క తెలిసి ఆ హల్వా తినడం కష్టం. వద్దనడం ఇంకా కష్టం. తిన్నాను.

ఫిబ్రవరి 26. కుర్చీ

ఉదయం తొమ్మిదిన్నరకు కింద లోయలోంచి కేకలు. కిటికీలోంచి చూస్తే ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి గాలిలో తేలుతూ వస్తోంది. కుర్చీకి రెండు వైపులా వెదురు బొంగులు కట్టి నలుగురు మగవాళ్ళు భుజానికెత్తుకున్నారు. కుర్చీలో నల్ల దుప్పటి కప్పుకున్న మనిషి. పక్కనే ఒక ముసలామె, పొట్టిగా, వేగంగా, కుర్చీ కాలు పట్టుకుని నడుస్తోంది. మెట్లంటే ఇసుక బస్తాలు పేర్చి మధ్యలో ఇటుకలు కూర్చినవి. వానాకాలంలో ఇవి ఇలా ఉండవట. కొండచరియే జారుతుంది.

ముసలామె దాయీ. మన మంత్రసాని. గుడిసెలో రాత్రంతా చూసి, తెల్లవారాక తనే తీసుకువచ్చింది. నొప్పులు మొదలైంది రాత్రి పదింటికి. చీకట్లో ఎందుకు రాలేదంటే, రాత్రిపూట సాయుధ ముఠాల భయం. మగవాళ్ళు గడప దాటరు. అంబులెన్స్ రోడ్డు దాకా వస్తుంది, ఈ లోయలోకి రాదు. టమ్‌టమ్ అనే బ్యాటరీ ఆటోలు సాయంత్రానికే ఆగిపోతాయి. తల్లులు చనిపోవడానికి మూడు ఆలస్యాలు కారణమని మాకు తరగతిలో చెప్పారు. బయలుదేరాలని తేల్చుకోవడంలో ఒకటి, దారిలో ఒకటి, ఆసుపత్రి చేరాక మరొకటి. ఇక్కడ మొదటి రెండూ ఒకే రాత్రిలో కలిసిపోయాయి.

అప్పుడు నేను చేసిన పని రాయకపోతే ఈ డైరీకి అర్థం లేదు. దాయీని బయట కూర్చోమన్నాను. ఉర్దూలో, మర్యాదగానే. ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి, ‘బంధువులు బయట’ అని తలుపు వైపు చూపించింది. ఆమె గొడవపడలేదు, చెప్పుల దగ్గర కూర్చుంది.

లోపల ఆ అమ్మాయి బిగుసుకుపోయింది. నాలుగో కాన్పు. ఆమె ఒంట్లో రక్తం, అంటే హిమోగ్లోబిన్, ఎనిమిది గ్రాములే. మోకాళ్ళు దగ్గరకు లాక్కుని, ఎవరు ముట్టుకున్నా చెయ్యి తోసేస్తోంది. బిడ్డ తల కిందికి దిగి ఉంది, నొప్పులు మాత్రం పలచబడ్డాయి. అంతసేపూ కళ్ళు తలుపు వైపే. నేను మెత్తగా మాట్లాడాను, నడుము రాశాను, నాకు తెలిసిన నాలుగు మాటలూ వాడాను. ఇరవై నిమిషాలు గడిచాయి.

రంగ్‌పూర్ అమ్మాయి నన్ను అడగకుండానే వెళ్ళి దాయీని లోపలికి తీసుకొచ్చింది. చేతులు సబ్బుతో కడిగించింది. ముసలామె మంచం తల వైపు ఎక్కి కూర్చుని, ఆ అమ్మాయి వీపును తన రొమ్ముకు ఆనించుకుంది. చెవిలో ఏదో చదవడం మొదలుపెట్టింది, దువా కాబోలు, మధ్యలో తిట్లు కూడా ఉన్నట్టున్నాయి. నొప్పి వచ్చినప్పుడల్లా తనూ ఊపిరి బిగబట్టింది. పావుగంటలో బిడ్డ పుట్టింది. ఆడపిల్ల, రెండు కిలోల నాలుగు వందలు.

తొడ మీద ఆక్సిటోసిన్ పడింది. మాయ పది నిమిషాల్లో వచ్చింది. సంచిలో గీత నూట యాభై, రెండు వందలు, అక్కడ ఆగలేదు. మూడు వందలు దాటగానే అమ్మాయిలు నా మొహం చూడలేదు. ఒకరు పొట్ట మీద పిడికిలితో మర్దన, ఒకరు సూది, ఒకరు సెలైన్. నిన్న ఎర్రనీళ్ళతో నవ్విన పిల్లలేనా అనిపించింది. ట్రానెక్సామిక్ ఆమ్లం ఒక గ్రాము, మెల్లగా, పది నిమిషాలు గడియారం చూస్తూ ఎక్కించారు. గర్భాశయం గట్టిపడి కొబ్బరికాయలా చేతికి తగిలింది. సంచి నాలుగు వందల ముప్పై దగ్గర ఆగింది. ఎనిమిది గ్రాముల మనిషికి అదే ఎక్కువ. కాక్స్‌బజార్ జిల్లా ఆసుపత్రి ఇక్కడికి గంటకు పైగా ప్రయాణం. ఆ దారి పట్టే అవసరం రాలేదు.

దాయీ సంచి వైపు వేలు చూపించి ఏదో అడిగింది. వాలంటీర్ తర్జుమా చేసింది: ‘నేను గుడ్డలు లెక్కపెట్టేదాన్ని. మూడో గుడ్డ తడిస్తే భయపడేదాన్ని. మీరు నీళ్ళు కొలిచినట్టు కొలుస్తున్నారు.’ ఆ ముసలామెకు మూడు వందల గీత గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు.

మధ్యాహ్నం నాకు కాళ్ళు ఆడలేదు. ఆలోచించిన కొద్దీ తలుపు వైపు చూపించిన నా చెయ్యే గుర్తుకువచ్చింది. మనం మంత్రసానులను పంపేశాం. ఆసుపత్రి కాన్పులు పెరిగాయి, తల్లుల మరణాలు తగ్గాయి, అది మంచిదే, నేను దాన్ని తక్కువ చేయను. కానీ వాళ్ళు పోతూ పోతూ తీసుకువెళ్ళిన మరొకటి ఉంది, వీపుకు ఆనే రొమ్ము. దాని జాగాలో మనం ఏం పెట్టాం? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల్లో తెలంగాణలో అరవై శాతం కాన్పులు కోతలే. నేను శిక్షణ పొందిన కరీంనగర్ జిల్లాలో ఎనభై దాటింది. ఇక్కడ పొట్ట కోస్తారని భయపడి గుడిసె కదలనివాళ్ళు, అక్కడ ముహూర్తం చూసి కోయించుకునేవాళ్ళు. రెండు చోట్లా నొప్పుల గదిలో తోడు లేదు.

ఈ కేంద్రంలో దాయీలను నెలకోసారి పిలిచి టీ ఇస్తారు. ప్రమాద లక్షణాలు చెబుతారు. రక్తం, మూర్ఛ, కాళ్ళూ మొహం వాపు, దుర్వాసన వేసే ఉమ్మనీరు. కాన్పు చేయొద్దని అనరు, తీసుకురమ్మంటారు. తీసుకువచ్చిన దాయీకి మంచం తల దగ్గర చోటు ఉంటుందని మాట ఇచ్చారు. నిన్న నాకు ఈ సంగతి చెప్పే ఉంటారు. నేను సంచి గురించి మాట్లాడే హడావుడిలో ఉన్నాను.

అన్నీ ఇలా ముగియవని కూడా రాయాలి. కిందటి వర్షాకాలంలో మూర్ఛలతో వచ్చిన పద్ధెనిమిదేళ్ళ పిల్ల గురించి సాయంత్రం చెప్పారు. ఇంట్లో జిన్ను పట్టిందని తాయెత్తు కట్టించి తెల్లవార్లూ ఉంచారు. మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చి తల్లిని నిలబెట్టారు, కడుపులో బిడ్డ అప్పటికే లేదు. ఆ ఇంటికి ఏ దాయీ వెళ్ళలేదట. పిలిస్తే ఆసుపత్రికి తీసుకుపొమ్మంటుందని అత్తగారు పిలవలేదు.

ఫిబ్రవరి 27. గుడిసె

తల్లీ బిడ్డలు ఒక రోజు కేంద్రంలో ఉండి ఇవాళ ఉదయం ఇంటికి చేరారు. వాలంటీర్‌తో నేనూ వెళ్ళాను. లోపల చీకటి, వెదురు వాసన, పాల వాసన. పురిటి మూలలో తెర కట్టారు. నలభై రోజులు ఆ తెర దాటదు. చల్లనివి తినకూడదు, తల మీద గుడ్డ తీయకూడదు. మా అమ్మ పెట్టిన పథ్యం గుర్తొచ్చి నవ్వు వచ్చింది. కాకపోతే ఇక్కడ చేపా గుడ్డూ కూడా మానేస్తే రక్తం ఎలా పడుతుంది? ఐరన్ మాత్రలు చూపించి, చేప వేడి చేస్తుందే గానీ చలవ చేయదని వాలంటీర్ వాదించింది. వైద్యశాస్త్రంలో లేని వాదన. గెలిచింది.

తండ్రి ఒక కాగితం చూపించాడు. కుటుంబ సంఖ్య ఉన్న కార్డు. బిడ్డ పేరు దానిలో ఎక్కించాలి, లేకపోతే రేషన్ రాదు. ఈ పిల్ల బంగ్లాదేశ్‌లో పుట్టినా బంగ్లాదేశీ కాదు, మయన్మార్ దృష్టిలో ఎవరూ కాదు. ఉన్నదల్లా ఆ సంఖ్యే. ‘ఇక్కడ నాలుగో బిడ్డ అని రాసినా ఏమీ అనరు కదా?’ అని రెండుసార్లు అడిగాడు. అనరని వాలంటీర్ రెండుసార్లూ చెప్పింది. మూలన ఫోనులో బుథీడాంగ్ నుంచి వచ్చిన గొంతు ఒకటి వినిపిస్తోంది, వాళ్ళ మేనమామట. ఈ నెల మొదట్లో సరిహద్దు అవతల మయన్మార్‌లో యుద్ధం ముదిరి, ఇక్కడికి దగ్గరలోని ఘుమ్‌ధుమ్ ఊరి మీద మోర్టారు గుండు పడి ఇద్దరు చనిపోయారు. అప్పటి నుంచీ రోజూ ఈ గొంతు కోసం ఎదురుచూడడమే. తండ్రి ఫోను కట్టేసి బిడ్డ వైపు చూశాడు.

దాయీ కూడా వచ్చింది. బొడ్డు చూసింది, మేం పూసిన మందు వాసన చూసి ముక్కు ముడిచింది, ఫరవాలేదన్నట్టు తల ఊపింది. తర్వాత నా ఎదురుగా చతికిలబడి తమలపాకు తీసింది. నాకూ ఒకటి ఇచ్చింది. వక్క గట్టిది, నా పళ్ళకు లొంగలేదు.

‘మీ ఊళ్ళో దాయీలు ఉన్నారా ఆపా?’ అని అడిగింది. రోజంతా ‘ఆపా’ అని పిలిపించుకుంటూ ఉండడం నాకు అప్పటికి అలవాటైంది.

‘ఉండేవాళ్ళు. నేను పుట్టినప్పుడు నా బొడ్డు కోసింది ఒక దాయీనే’ అన్నాను. మా అమ్మ ఇప్పటికీ ఆమెను తలచుకుంటుంది.

‘ఆమెకేం ఇచ్చారు?’

‘ఒక పాత చీర. కుంచెడు బియ్యం.’ కుంచెడు అంటే ఎంతో చేతులతో చూపించాను.

లెక్క వేసుకుంది. ‘మగపిల్లాడైతే?’

‘ఇంకో కుంచెడు.’

పొట్ట పట్టుకుని నవ్వింది, ఎర్రని పళ్ళతో. ‘మాకూ అంతే. ఇక్కడికి వచ్చాక చీరకు బదులు సబ్బు బిళ్ళ’ అని కొంగు ముడి విప్పి చూపించింది. రేషన్ సబ్బు, నిన్నటి కాన్పుకు ఈ ఇంటివాళ్ళు ఇచ్చినది. దానిని సగానికి కోసి ఒక ముక్క నా చేతిలో పెట్టింది. బిడ్డ పుట్టినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను కదా అంది.